కంపెనీకి ఈసీ తీశారా?

2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. కంపెనీని పద్ధతిగా, పారదర్శకంగా నడుపుతున్నందుకు ఇచ్చిన అవార్డది. అప్పట్లో తెలుగునాట సత్యంలో ఉద్యోగమంటే పెళ్లిచూపుల్లో కూడా ఒక మెట్టు పైనే. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. బ్యాంకుల్లో ఉన్నట్టు లెక్కల్లో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఆయనే ఒప్పుకున్నారు. అవార్డుకీ లేఖకీ మధ్య నాలుగు నెలలు కూడా లేవు. పాత ఉద్యోగం మీద విసుగొచ్చి, పేపర్లు పెట్టేసి, ఆ మధ్యకాలంలో సత్యంలో చేరినవాళ్లకు కొత్త ఐడీ కార్డు మెడలో నలగకముందే ప్రభుత్వం కంపెనీ బోర్డును రద్దు చేసింది.

వాళ్లకు ముందే తెలిసే వీలుందా అంటే, సెప్టెంబరులో లేదు. పేరున్న ఆడిటర్లే లెక్కల మీద సంతకాలు పెట్టినప్పుడు ఓ ప్రోగ్రామర్ ఏం కనిపెడతాడు? కానీ డిసెంబరు సంగతి వేరు. ఆ నెల 16న రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించి, మదుపరులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. మరో వారానికి, సత్యంకి ఎనిమిదేళ్లపాటు పనులివ్వబోమని నిషేధం పెట్టినట్టు ప్రపంచ బ్యాంకు బయటపెట్టింది. నెలాఖరుకు నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేశారు. ఇవేవీ రహస్యాలు కావు, రోజూ పేపర్లో వచ్చినవే. జనవరిలో చేరాల్సినవాళ్లు వాటిని చదివి ఓ నెల ఆగి ఉండొచ్చు.

సత్యంలాంటి కుప్పకూలడాలు అరుదు. ఉద్యోగం మారి నష్టపోయేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇంత నాటకీయంగా ఉండదు. జీతం ఒకటో తారీకు నుంచి పదికి, పది నుంచి ఇరవైకి జరుగుతుంది. పీఎఫ్ కోస్తారు, కానీ కట్టరు. వేరియబుల్ పే ఆఫర్ లెటర్లో తప్ప ఖాతాలో కనపడదు. ఇంటర్వ్యూలో చెప్పిన పని ఒకటి, సీట్లో కూర్చున్నాక ఇచ్చే పని ఇంకొకటి. వీటిలో చాలావాటికి ముందస్తు ఆనవాళ్లు ఎక్కడో ఒకచోట రికార్డయి ఉంటాయి. అవి ఎవరైనా చూడదగ్గ రికార్డులే. చూసేవాళ్లే తక్కువ.

మన దగ్గర 150 గజాల ప్లాటు కొనాలన్నా 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, లాయరుకు చూపిస్తారు, అది చాలక ఆ వీధి మొగలో టీ కొట్టువాణ్ని కూడా కదిపి చూస్తారు. అదే మనిషి, రోజుకు పది గంటలు గడపబోయే కంపెనీ గురించి గూగుల్‌లో నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకుంటాడు. కంపెనీ మాత్రం అలా ఊరుకోదు. అతని పాత జీతం స్లిప్పులు, యూఏఎన్ చరిత్ర, డిగ్రీ సర్టిఫికెట్లు అన్నీ ఓ ఏజెన్సీకిచ్చి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తుంది. ఆరా అంతా ఒకవైపే జరుగుతోంది.

ఇందుకు కారణం బద్ధకం ఒక్కటే కాదు. ఉన్నచోట ఉక్కపోస్తున్నవాడికి తెరిచి ఉన్న ప్రతి కిటికీ అందంగానే కనిపిస్తుంది. అప్రైజల్లో అన్యాయం జరిగింది, రెండేళ్లుగా హైక్ లేదు, మేనేజర్ పేరు ఫోన్లో మెరిస్తేనే ఒళ్లు మండుతోంది. అలాంటప్పుడు ‘ముందు ఇక్కణ్నుంచి బయటపడితే చాలు’ అనిపించడం సహజం. ప్రశ్నలు అడగాల్సిన సమయం సరిగ్గా అదే, ప్రశ్నలు నోటికి రాని సమయమూ అదే. అమెరికాలో వెండీ బాస్‌వెల్, మరో ఇద్దరు పరిశోధకులు ఉన్నతస్థాయి మేనేజర్ల తృప్తిని అయిదేళ్లపాటు గమనించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగం మారే ముందు తృప్తి బాగా పడిపోతుంది, మారగానే ఒక్కసారిగా లేస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ కిందికి దిగుతుంది. దీనికి వాళ్లు ‘హనీమూన్-హ్యాంగోవర్’ అని పేరు పెట్టారు. కొత్త ఉద్యోగం మెరుపులో కొంత భాగం దానిది కాదనీ, పాత ఉద్యోగం మీది విసుగే అలా మెరిపిస్తోందనీ దీన్నిబట్టి అనుకోవచ్చు.

అందుకే కొత్త కంపెనీ గురించి ఆరా తీసేముందు, పాతచోట అసలు ఏది బాధపెడుతోందో తేల్చుకోవాలి. రాత్రి పదకొండింటికి అమెరికా క్లయింటుతో కాల్స్ భరించలేకపోతున్న వ్యక్తి మాదాపూర్‌లో ఒక సర్వీసెస్ కంపెనీ మానేసి, రోడ్డుకు అవతల ఉన్న ఇంకో సర్వీసెస్ కంపెనీలో చేరితే క్లయింటు పేరు మారుతుంది, కాల్ టైమ్ మారదు. సమస్య మేనేజరొక్కడే అయితే అదే సంస్థలో ఇంకో ప్రాజెక్టుకు మారడం తేలిక. జీతమే ఆలస్యమవుతుంటే మాత్రం తేల్చుకోవడానికి ఏమీ లేదు, వెతుకులాట ఇవాళే మొదలుపెట్టాలి.

ఇక రికార్డుల సంగతి. కంపెనీకి కూడా ఈసీ లాంటిదొకటి ఉంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ పోర్టల్లో ప్రతి ప్రైవేట్ లిమిటెడ్, పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ వివరాలూ ఉంటాయి. పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా చూడొచ్చు. ప్రతి కంపెనీకీ 21 అక్షరాలు, అంకెల సీఐఎన్ నంబరు ఉంటుంది. అది చదవడం తెలిస్తే సగం జాతకం అందులోనే కనిపిస్తుంది. మొదటి అక్షరం ఎల్ అయితే స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ, యూ అయితే కానిది. మధ్యలో రాష్ట్రం గుర్తు, ఆ వెంటనే కంపెనీ పుట్టిన సంవత్సరం. ‘పదిహేనేళ్ల అనుభవమున్న సంస్థ’ అని హెచ్‌ఆర్ చెప్పిన కంపెనీ సీఐఎన్‌లో 2023 కనిపిస్తే, ఆ పదిహేనేళ్లు ఎవరివో అడగాలి.

అదే పేజీలో డైరెక్టర్ల పేర్లు, చెల్లించిన మూలధనం, ‘ఛార్జెస్’ అనే పట్టీ ఉంటాయి. కంపెనీ ఆస్తులు తాకట్టు పెట్టి ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చిందో ఆ పట్టీలో తెలుస్తుంది. అప్పుండటం తప్పేమీ కాదు, వ్యాపారమన్నాక ఉంటుంది. లక్ష రూపాయల మూలధనంతో నడిచే కంపెనీ 30 లక్షల ప్యాకేజీ ఇస్తానన్నప్పుడు మాత్రం డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో ఆలోచించాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన గడి ఒకటుంది. అది చివరిసారి బ్యాలెన్స్ షీట్ ఏ తేదీది దాఖలైందన్నది. మార్చి 31తో ముగిసిన ఏడాది లెక్కలు మామూలుగా అక్టోబరు నెలాఖరుకల్లా ఎంసీఏకి చేరాలి. ఒక ఏడాది వెనకబడితే ఏదో కారణం ఉండొచ్చు. రెండేళ్లు వెనకబడితే లోపల ఏదో ఉడుకుతోందనే అర్థం.

దీనికి ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2022లో దాని విలువ 2,200 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. భారత క్రికెట్ జట్టు జెర్సీ మీద దాని పేరుండేది. ఆ ఏడాది నవంబరులో సాక్షాత్తూ లియోనెల్ మెస్సీని ప్రచారకర్తగా తెచ్చుకుంది. సరిగ్గా దానికి ముందు నెలలోనే 2,500 మంది ఉద్యోగులను తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఇంకా వెనక్కి వెళ్తే, 2021 మార్చితో ముగిసిన సంవత్సరం లెక్కలు 2022 సెప్టెంబరుకు గానీ బయటికి రాలేదు. సంవత్సరం ముగిసిన ఏడాదిన్నరకు వచ్చిన ఆ లెక్కల్లో నష్టం 4,588 కోట్లు. తర్వాతి ఏడాది లెక్కలూ సమయానికి రాకపోవడంతో 2023 జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది. అదే సమయంలో ముగ్గురు బోర్డు సభ్యులూ వెళ్లిపోయారు. 2024 జులైలో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లేనాటికి వేలమంది జీతాల కోసం ఎదురుచూస్తున్నారు. టీవీలో మెస్సీని చూసి చేరినవాళ్లకూ, ఎంసీఏ పేజీలో తేదీ చూసి ఆగినవాళ్లకూ మధ్య తేడా ఒక్క పూట పని. ఆర్థిక పత్రాలు పూర్తిగా చూడాలంటే ఎంసీఏకి కట్టాల్సింది ఒక్కో కంపెనీకి 100 రూపాయలు.

నిజానికి ఎంసీఏ కన్నా పదునైన పరికరం ఇంకోటుంది. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్లో సంస్థల వివరాలు వెతికే పేజీ ఉంది. లాగిన్ అక్కర్లేదు, కంపెనీ పేరు కొడితే చాలు. ఏ నెల జీతాలకు సంబంధించిన పీఎఫ్ ఏ తేదీన కట్టారు, ఎంత కట్టారు, ఎంతమంది ఉద్యోగులకు కట్టారు, అన్నీ వరసగా వస్తాయి. ఒక నెల పీఎఫ్ మరుసటి నెల 15లోపు కట్టాలి. ప్రతినెలా 12, 13 తేదీల్లో కట్టుకుంటూ వచ్చిన సంస్థ ఉన్నట్టుండి 28కి, ఆపైన రెండు నెలలకోసారికి జరిగిందంటే ఖజానాలో నీళ్లు అడుగంటుతున్నాయని ఏ విశ్లేషకుడూ చెప్పక్కర్లేదు. యజమానికి డబ్బు ఇరుకైతే కరెంటు బిల్లూ అద్దే ముందు కడతాడు, ఉద్యోగి పీఎఫ్‌నే వెనక్కి నెడతాడు.

ఉద్యోగుల సంఖ్య గడి ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది. ‘ఈ ఏడాది మా బలం రెట్టింపవుతోంది’ అని ఇంటర్వ్యూలో చెప్పిన కంపెనీకి జనవరిలో 340 మంది, జూన్‌లో 290, సెప్టెంబరులో 215 కనిపిస్తే ఇంకేం అడగాలి? ఈ అంకెలు ఊహకే చెప్పినవి, కానీ ఈ తరహా పట్టీలు అక్కడ నిజంగానే దొరుకుతాయి. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. కొన్ని పెద్ద సంస్థలకు సొంత పీఎఫ్ ట్రస్టులుంటాయి కాబట్టి వాటి లెక్క ఇక్కడ పూర్తిగా కనపడదు. కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్ల పీఎఫ్ మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరు మీద ఉంటుంది. అసలు పీఎఫ్ రిజిస్ట్రేషనే లేకుండా ‘మా దగ్గర 60 మంది పనిచేస్తున్నారు’ అనే సంస్థ అయితే చట్టాన్నే పాటించడం లేదు. 20 మంది, ఆపైన ఉంటే పీఎఫ్ తప్పనిసరి.

టీడీఎస్ విషయంలో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు నేర్చుకున్న పాఠం ఖరీదైనది. 2012 అక్టోబరులో ఆ విమానాలు నేలమీదే ఆగిపోయేనాటికి నెలల తరబడి జీతాల్లేవు. అది చాలదన్నట్టు, అంతకుముందు జీతాల్లోంచి కోసిన ఆదాయపు పన్నును సంస్థ ప్రభుత్వానికి కట్టలేదని తేలింది. పన్ను కట్టామనుకున్న పైలట్లు ఆదాయపు పన్ను శాఖతో కోర్టుల్లో వాదించుకోవాల్సి వచ్చింది. కొత్త కంపెనీ టీడీఎస్ కడుతోందో లేదో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. అందుకే అక్కడ పనిచేసినవాళ్లను అడగాలి.

అడిగేది ఎవరిని అన్నదీ ముఖ్యమే. ‘మా కంపెనీలోకి వచ్చెయ్ రా’ అని పిలిచే స్నేహితుడు మంచివాడే కావచ్చు, కానీ రిఫరల్ బోనస్ అతని ఖాతాలో పడుతుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని అతని మాట వినాలి. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లు భయపడి సగమే చెబుతారు. నిన్నగాక మొన్న గొడవపడి బయటికొచ్చినవాళ్లు రెట్టింపు చెబుతారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల క్రితం మానేసి, ఇప్పుడు ఇంకెక్కడో కుదురుగా ఉన్నవాళ్లు దొరికితే వాళ్లే సరైన సాక్షులు. లింక్డిన్‌లో కంపెనీ పేరు పెట్టి పాత ఉద్యోగులను వెతకడం కష్టమేమీ కాదు. అదే టీంలో చేరిన ముగ్గురు ఏడాది తిరక్కముందే వెళ్లిపోయినట్టు వాళ్ల ప్రొఫైళ్లలో కనిపిస్తే, మెసేజ్ పెట్టకముందే జవాబు వచ్చినట్టు. మాట్లాడే అవకాశం దొరికినప్పుడు ‘కంపెనీ ఎలా ఉంటుందండీ’ అని అడిగితే ‘బాగానే ఉంటుందండీ’ అంటారు. ‘జీతం ఏ తారీకున పడేది? మానేశాక ఫైనల్ సెటిల్‌మెంటుకు ఎన్నాళ్లు పట్టింది? రిలీవింగ్ లెటర్ తేలిగ్గా ఇచ్చారా?’ అని అడిగితే నిజాలు వస్తాయి.

ఆంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్ రివ్యూల్లో నక్షత్రాల సగటు దాదాపు పనికిరాదనే చెప్పాలి. ఒకే వారంలో అయిదేసి నక్షత్రాల రివ్యూలు ఇరవై పడి, అన్నిట్లోనూ ‘గుడ్ వర్క్ కల్చర్, సపోర్టివ్ మేనేజ్‌మెంట్’ అనే ఉంటే హెచ్‌ఆర్ నుంచి అందరికీ మెయిల్ వెళ్లి ఉంటుందని అనుమానించడంలో తప్పులేదు. వివరాలున్న ఫిర్యాదులు ముఖ్యం. ఫలానా విభాగంలో శనివారాలు కూడా రావాలని వేర్వేరు నెలల్లో నలుగురు రాస్తే అది నిజమే అయి ఉంటుంది.

లిస్టయిన కంపెనీల విషయంలో మాత్రం ఉద్యోగార్థికి సెబీ ఓ వరమిచ్చింది. మార్కెట్ విలువలో తొలి 1,000 స్థానాల్లో ఉన్న సంస్థలు 2022-23 నుంచి వార్షిక నివేదికతోపాటు బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. పర్యావరణం, సామాజిక బాధ్యత గురించి కదా అని దాన్నెవరూ తెరవరు. అందులో పర్మనెంటు ఉద్యోగుల్లో ఏటా ఎంతశాతం మానేస్తున్నారో మూడేళ్ల లెక్క ఉంటుంది. ఆడవాళ్లదీ మగవాళ్లదీ విడివిడిగా ఉంటుంది. ప్రసూతి సెలవు తీసుకున్నవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు, ఎంతమంది నిలబడ్డారు, లైంగిక వేధింపుల ఫిర్యాదులెన్ని వచ్చాయి, మధ్యస్థ జీతమెంత, అన్నీ ఉంటాయి. మగవాళ్లు 14 శాతం మానేస్తుంటే ఆడవాళ్లు 24 శాతం మానేస్తున్న సంస్థలో ఏదో తేడా ఉందని కనిపెట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. లిస్టుకాని చిన్న సంస్థలోనైనా, పదిమంది ఉంటే వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలన్నది 2013 నాటి చట్టం. కమిటీలో ఎవరున్నారని అడిగితే హెచ్‌ఆర్ తడబడుతోందంటే అది లేదనే లెక్క.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు. మనవాళ్లలో నూటికి తొంభై మంది ‘నో సార్, థాంక్యూ సార్’ అని లేచి వచ్చేస్తారు. ఎక్కువ అడిగితే ఉద్యోగం పోతుందని భయం. మర్యాదగా అడిగిన ప్రశ్నకు చిరాకుపడే చోట చేరాక ఇంకెంత చిరాకుపడతారో ఊహించుకోవచ్చు. అడగాల్సినవి గొప్ప ప్రశ్నలేమీ కావు. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ఇంతకుముందున్నవాళ్లు ఎటు వెళ్లారు? పోయిన ఏడాది వేరియబుల్ పే ఎంతశాతం ఇచ్చారు? నేను చేరబోయే ప్రాజెక్టు ఖాయమైందా, బెంచ్ మీద ఎన్నాళ్లు ఉండొచ్చు? ఈ చివరిది ఇప్పుడు మరీ అవసరం. 2025 జూన్‌లో టీసీఎస్ తన ఉద్యోగులు ఏడాదిలో 225 పనిదినాలు క్లయింటు పనిలో ఉండాలని, బెంచ్ 35 రోజులు మించకూడదని నిబంధన పెట్టింది. మరుసటి నెలలో 12 వేల పైచిలుకు ఉద్యోగాలు తగ్గిస్తామంది. పెద్ద పేరు గొడుగులాంటిదన్న నమ్మకానికి కాలం చెల్లింది.

ఆఫర్ లెటర్ దగ్గర లెక్కలు వేసుకునే ఓపిక కావాలి. సీటీసీ 12 లక్షలంటే నెలకు లక్ష అనుకుంటారు. మామూలుగా కనిపించే ఒక ప్యాకేజీ తీసుకుందాం. వేరియబుల్ 1,20,000. బేసిక్ 6 లక్షలైతే కంపెనీ వాటా పీఎఫ్ 72,000. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే 28,860. ఆరోగ్య బీమా ప్రీమియం 15,000. ఇవన్నీ తీసేసి, ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 72,000, నెలకు 200 వృత్తి పన్ను కూడా తీసేస్తే నెలనెలా ఖాతాలో పడేది దాదాపు 74 వేలు. ఇందులో పీఎఫ్ ఎటూ పోదు, మన డబ్బే. గ్రాట్యుటీ మాత్రం పర్మనెంటు ఉద్యోగికి అయిదేళ్లు పూర్తయితేనే వస్తుంది. మూడేళ్లకోసారి కంపెనీ మారే అలవాటున్నవాళ్లకు అది కాగితం మీది డబ్బే. అందుకని పాత జీతాన్నీ కొత్త జీతాన్నీ సీటీసీలతో పోల్చకూడదు, చేతికొచ్చేవాటితో పోల్చాలి. 40 శాతం హైక్ అనుకున్నది 22 శాతంగా తేలడం చాలామందికి అనుభవమే.

నోటీస్ పీరియడ్ క్లాజులో రెండువైపులా ఒకే మాట ఉందో లేదో చూడాలి. ఉద్యోగి 90 రోజులివ్వాలి, కంపెనీ మాత్రం 30 రోజుల్లో పంపించెయ్యొచ్చు అని రాసుకున్న లెటర్లు బోలెడు. జాయినింగ్ బోనస్ ఇస్తే, ఎన్ని నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలో అక్కడే ఉంటుంది. బాండ్ల విషయంలో ‘కోర్టులో నిలవదులే’ అనే ధీమా ఇకముందు పనికిరాదు. విజయా బ్యాంకులో మూడేళ్లు పనిచేస్తానని, లేకుంటే 2 లక్షలు కడతానని బాండు రాసి మధ్యలో మానేసిన ఓ అధికారి కేసులో 2025 మే 14న సుప్రీంకోర్టు ఆ బాండు చెల్లుతుందని తీర్పిచ్చింది. ప్రభుత్వ రంగ బ్యాంకు నియామకాలకయ్యే ఖర్చును కూడా కోర్టు దృష్టిలో పెట్టుకుంది కాబట్టి ప్రతి ప్రైవేటు కంపెనీ బాండుకూ ఇదే వర్తిస్తుందని చెప్పలేం. కానీ సంతకం పెట్టేముందు చదవాల్సిన బాధ్యత ఉద్యోగిదేనని తేలిపోయింది. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే సంస్థ సాఫ్ట్‌వేర్‌దైనా, కార్పొరేట్ కాలేజీ అయినా, అక్కడితో మాటలు ఆపెయ్యడమే మంచిది.

ఆఫర్ లెటర్ ఇంకా ఉద్యోగం కాదని 2023 ఫిబ్రవరిలో విప్రో ఆఫర్లున్న కొత్త పట్టభద్రులకు తెలిసొచ్చింది. 6.5 లక్షల ప్యాకేజీకి ఎంపికైనవాళ్లను 3.5 లక్షలకు చేరతారా అని కంపెనీ అడిగింది. వాళ్లు ఫ్రెషర్లు కాబట్టి వదులుకోవడానికి చేతిలో ఉద్యోగం లేదు. ఉన్న ఉద్యోగం మానేసి, నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లకు ఇలా జరిగితే నష్టం ఇంకా పెద్దది. చేరే తేదీ, జీతం వివరాలు, పని ప్రదేశం అన్నీ రాసిన కాగితం కంపెనీ అధికారిక మెయిల్ నుంచి వచ్చేదాకా పేపర్లు పెట్టకూడదు. ‘ఈ సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఆఫర్ పోతుంది’ అని తరిమేచోట తొందర వాళ్లకే ఎందుకుందో కనుక్కోవాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ప్రతి ఉద్యోగికీ ఇవ్వాల్సిందే. మానేసినవాళ్లకు రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలని కూడా ఉంది. దీన్ని ఏ కంపెనీ ఎలా పాటిస్తోందన్నది పాత ఉద్యోగులను అడగాల్సిన మరో ప్రశ్న.

ఇంతవరకూ చెప్పిందంతా ఎక్కువగా ఏసీ గదుల ఉద్యోగాల సంగతి. ఫార్మా, కెమికల్ ప్లాంట్లలో మారేవాళ్లకు జీతం రెండో ప్రశ్నే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా ప్లాంటు ప్రమాదంలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ పరిశ్రమలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. నాలుగు వేలు ఎక్కువిస్తారని ప్లాంటు మారే కెమిస్టు, ఆపరేటరు ముందుగా ఆ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చేవాళ్లను గేటు బయట పట్టుకోవాలి. సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులిచ్చారు, మాక్ డ్రిల్ చివరిసారి ఎప్పుడు జరిగింది, మిమ్మల్ని తీసుకున్నది కంపెనీయా కాంట్రాక్టరా అని అడగాలి. జీతం 21 వేలలోపైతే ఈఎస్‌ఐ ఉందో లేదో చూసుకోవాలి. ప్రైవేటు స్కూలు టీచర్లయితే వేసవి సెలవులకు జీతం ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి. చాలా బడులు పది నెలల జీతమే ఇచ్చి ఏడాది పని చేయించుకుంటున్నాయి.

దేశం దాటి వెళ్లేవాళ్లకు చిక్కులు ఎక్కువైనా రికార్డులూ ఎక్కువే. అమెరికాలో హెచ్-1బీ యజమానులు ఏ ఉద్యోగానికి ఎంత జీతమిస్తామని కార్మిక శాఖకు రాసిచ్చారో ఆ వివరాలు ఎవరైనా చూడొచ్చు. చట్టాన్ని కావాలని ఉల్లంఘించిన యజమానుల జాబితా కూడా ఆ శాఖ ప్రచురిస్తుంది. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద జీతం ఎగ్గొట్టడం అక్కడ చట్టవిరుద్ధం. కాబట్టి ‘బెంచ్‌లో పే ఉండదు, అందరూ అంతే’ అనే కన్సల్టెన్సీకి దూరంగా ఉండటం మేలు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో చూడాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఇందుకోసమే ఉన్న ప్రభుత్వ సంస్థలు. థాయిలాండ్‌లో ఐటీ ఉద్యోగమని చెప్పి మయన్మార్‌కు తరలిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. అయినా 2024లో విశాఖ పోలీసులు కంబోడియా సైబర్ ముఠాలకు మనవాళ్లను అమ్మిన ఏజెంట్లను అరెస్టు చేయాల్సి వచ్చింది. డేటా ఎంట్రీకి ఊహించనంత జీతం, టూరిస్టు వీసా, ఇంటర్వ్యూ వాట్సాప్‌లో. ఈ మూడూ కలిసి వస్తే అది ఉద్యోగం కాదు.

అన్నీ చూసుకుని చేరాక కూడా ఒక్క పని మిగిలి ఉంటుంది. ప్రొబేషన్‌లో నోటీస్ పీరియడ్ సాధారణంగా తక్కువ ఉంటుంది. వెనక్కి తిరగాలంటే అదే సులువైన సమయం. రెండో నెల జీతం పడ్డాక యూఏఎన్ పాస్‌బుక్ తెరిచి మొదటి నెల పీఎఫ్ జమయిందో లేదో, ఆదాయపు పన్ను పోర్టల్లో టీడీఎస్ కనిపిస్తోందో లేదో చూడాలి. టీడీఎస్ మూడు నెలలకోసారి నమోదవుతుంది కాబట్టి దానికి కొంచెం ఆగాలి. పీఎఫ్ జమకాకపోతే హెచ్‌ఆర్‌కి మెయిల్‌లోనే అడగాలి, నోటిమాటగా వద్దు. జవాబు రాకపోతే ఈపీఎఫ్‌ఓకి చెందిన ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ పోర్టల్లో యూఏఎన్ నంబరుతో ఎవరికివారే ఫిర్యాదు చేసుకోవచ్చు, దానికి లాయరు అక్కర్లేదు.